నెత్తురు ఎక్కువ పడ్డ కుక్కకు యాంటీబయోటిక్ లేదు, తక్కువ పడ్డదానికి తప్పలేదు: దసరా వారంలో రెండు కేసులు

దసరా దాటాక వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏ పెట్ క్లినిక్ ముందు చూసినా కడుపు చెడిన కుక్కలే ఎక్కువ. ఇంటింటా యాట తెగుతుంది, కోళ్ళు తెగుతాయి. బొక్కలు, బోటి, కొవ్వు, మిగిలిన కూర అన్నీ చివరికి కుక్క గిన్నెలోకి చేరతాయి. వీటిలో చాలావరకు ఒకట్రెండు రోజుల్లో వాటంతటవే సర్దుకునే అజీర్తి కేసులు. కొన్ని ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు), కొన్ని పేగులో ఇరుక్కున్న బొక్కలు. బ్యాక్టీరియా పేగు గోడను దాటి నెత్తుట్లోకి దిగినవి కొన్నే ఉంటాయి, కానీ ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేవి అవే.

ఇక్కడ రెండు కుక్కల కేసులు పక్కపక్కన పెడుతున్నాం. రెండింటికీ వాంతులు, నెత్తుటి విరేచనాలు. చూడగానే భయం పుట్టించింది ఒకటి, ప్రమాదంలో ఉన్నది ఇంకొకటి.

మొదటి కుక్క: ల్యాబ్రడార్, మగది, 3 ఏళ్ళు, 26 కిలోలు

హనుమకొండలో పెరడున్న ఇల్లు. టీకాలు సక్రమంగా పడ్డాయి, ఏటా వేయించే బూస్టర్‌తో సహా. రోజూ తిండి అన్నం, కుక్కర్‌లో ఉడికించిన కోడి కాళ్ళు, తలకాయలు.

"నిన్నటిసంది ఏం తింటలేడు సార్, ఊకె కక్కుతుండు. మోషన్ల కొంచెం నెత్తురు వడుతుంది. మొన్న రాత్రి తిన్న పెరుగన్నమే పడనట్టుంది" అని యజమాని చెప్పిన మాట. పెరుగన్నానికి దీనితో సంబంధం లేదు. కడుపు చెడిన కుక్క గురించి అడిగితే ఎవరైనా క్రితం పూట తిండినే తలుచుకుంటారు. పేగును పట్టే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అయితే లోపలికి వెళ్ళినప్పటి నుంచి లక్షణాలు బయటపడడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, 3 నుంచి 5 రోజులు కూడా పట్టవచ్చు. అందుకే వెనకటి 5 రోజులు తవ్వాలి. అలా అడిగితే తెలిసింది: దసరా నాడు పెరట్లో కోళ్ళు కోస్తుంటే పేగులు, ఈకలు వేసిన బకెట్‌లో ఇది తల పెట్టింది. లాగేసరికే చాలావరకు మింగేసింది.

లక్షణాలు వచ్చిన వరుస ఇలా ఉంది. పండుగ తర్వాత రెండో రోజు పొద్దున డల్‌గా పడుకుంది, తిండి ముట్టలేదు. అప్పటికి వాంతి లేదు, మోషన్ మామూలే. సాయంత్రం ఒళ్ళు కాలిపోతోందని ఇంట్లోవాళ్ళు గమనించారు. రాత్రికి వాంతులు మొదలయ్యాయి. మూడో రోజు పొద్దుటి నుంచి మోషన్లు: గంటకోసారి వెళ్ళడం, ముక్కడం, చెంచాడు బంక, దాని మీద ఎర్రటి చారలు.

ఈ వరుసను కేసు షీటులో రాసుకోవాలి. జ్వరం, నీరసం ముందు వచ్చి కడుపు లక్షణాలు వెనక వస్తే ఒళ్ళంతా పాకే జబ్బు గురించి ఆలోచించాలి. వాంతి, మోషన్ ముందు వచ్చి, నీరసం ఆ తర్వాత ఒంట్లో నీరు తగ్గేకొద్దీ వస్తే తిండి తేడాకే అవకాశం ఎక్కువ. ఇది రాతి మీద గీత కాదు. కానీ థర్మామీటర్ పెట్టకముందే దిశ చూపిస్తుంది.

మధ్యలో మందుల షాపు వైద్యం కూడా నడిచింది. నార్ఫ్లోక్సాసిన్, టినిడజోల్ కలిసిన మాత్ర సగం చొప్పున రెండుసార్లు, లోపెరమైడ్ 2 మి.గ్రా. మాత్రలు రెండు వేశారు. లోపెరమైడ్ పడ్డాక మోషన్లు తగ్గాయి, పొట్ట మాత్రం ఉబ్బింది. ఆ మాత్ర పేగు కదలికను ఆపుతుందే తప్ప ఇన్ఫెక్షన్‌ను ఏమీ చేయదు. పేగు గోడలోకి చొరబడే బ్యాక్టీరియా ఉన్నప్పుడు కదలిక ఆగితే అది, దాని విషాలు లోపలే ఎక్కువసేపు నిలుస్తాయి. "తగ్గింది" అనుకున్న ఆ పూటే కుక్క పరిస్థితి దిగజారింది. అదృష్టం కొద్దీ ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నిమెసులైడ్ లాంటివి వేయలేదు. జ్వరం అనగానే ఇంట్లో ఉన్న మాత్ర వేసేయడం మామూలే. నీరు తగ్గిన కుక్కకు అవి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. అప్పుడు నెత్తురు దేనివల్ల పడుతోందో తేల్చడం కూడా కష్టమవుతుంది.

ల్యాబ్రడార్‌లో చూసినవి

ఉష్ణోగ్రత 104.4 డిగ్రీల ఫారన్‌హీట్. మామూలుగా 101 నుంచి 102.5 మధ్య ఉండాలి. గుండె నిమిషానికి 152, శ్వాస 40. తొడ లోపలి నాడి బలంగా ఎగిరెగిరి కొడుతోంది. చిగుళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి, వేలితో నొక్కి వదిలితే సెకను కూడా పట్టకుండా రంగు తిరిగి వస్తోంది.

ఈ చివరి గుర్తు దగ్గర చాలామంది బోల్తా పడతారు. నొక్కిన చోట రంగు ఆలస్యంగా వస్తేనే ప్రమాదమని, వెంటనే వస్తే అంతా బాగున్నట్టని అనుకుంటారు. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్ళంతా దెబ్బతినడం) తొలి దశలో రక్తనాళాలు విప్పారతాయి. చిగుళ్ళు కందిపోతాయి, రంగు మరీ త్వరగా తిరిగొస్తుంది. అది దాటిపోతే చిగుళ్ళు తెల్లబడి, 2 సెకన్లు మించి పట్టి, కాళ్ళు చల్లబడి, ఉష్ణోగ్రత 100 కిందికి జారుతుంది. అప్పుడు జ్వరం తగ్గిందని సంతోషించకూడదు, కుక్క షాక్‌లోకి పోతోందని అర్థం.

మెడ మీది చర్మాన్ని ఎత్తి వదిలితే నెమ్మదిగా దిగుతోంది, నోట్లో తడి లేదు, కళ్ళు కాస్త లోపలికి పోయాయి. డీహైడ్రేషన్ దాదాపు 8 శాతం. పొట్ట అంతటా నొప్పి, ముట్టుకుంటే బిగబడుతోంది. గట్టి గడ్డలాంటిది చేతికి తగల్లేదు. ఎక్స్-రేలో పేగుల్లో గ్యాస్ తప్ప బొక్క గానీ అడ్డు గానీ కనబడలేదు.

మలాన్ని గ్లవ్ మీద వేసుకుని వెలుతురులో చూడాలి. పరిమాణం కొంచెం, బంక ఎక్కువ, తాజా ఎర్రటి నెత్తురు చారలు: పెద్దపేగు వాచిందనడానికి ఇవి గుర్తులు. చిన్నపేగు దెబ్బతింటే మోషన్లు తక్కువసార్లు, ఒక్కోసారి ఎక్కువ నీళ్ళలా, నెత్తురుంటే నల్లగా తారులా ఉంటుంది. సాల్మొనెల్లా రెండింటినీ పట్టగలదు.

సూక్ష్మదర్శిని కింద నార్మల్ సెలైన్‌తో తడి స్మియర్ చూస్తే జియార్డియా (పేగులో పెరిగే పరాన్నజీవి) లేదు, కొంకిపురుగు గుడ్లు లేవు. రంగు వేసిన స్మియర్‌లో చీము కణాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. అన్ని విరేచనాల్లోనూ ఇవి కనబడవు. పేగు గోడ వాచి, గాయపడి ఉందని చెప్పే చవకైన పరీక్ష ఇది. పది నిమిషాల పని, అయినా చాలాచోట్ల చేయరు. అదే స్మియర్‌లో క్లాస్ట్రిడియం బీజాలు అక్కడక్కడా కనబడితే దాన్నే జబ్బుగా రాసేయడం ఇంకో పొరపాటు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ అవి ఉంటాయి.

రక్తపరీక్షలో పీసీవీ (నెత్తుట్లో ఎర్రకణాల వంతు) 49 శాతం, మొత్తం ప్రొటీన్ 6.4. తెల్లకణాలు 4,300, అందులో 18 శాతం ముదరని బ్యాండ్ న్యూట్రోఫిల్స్, వాటిలో టాక్సిక్ మార్పులు. ప్లేట్‌లెట్లు 1.65 లక్షలు. గ్లూకోజ్ 58, క్రియాటినిన్ 1.8, పొటాషియం 3.2, ఆల్బుమిన్ 2.3.

తెల్లకణాలు ఇంత తక్కువ చూస్తే ఎవరికైనా మొదట తట్టేది పార్వో వైరస్ జబ్బు. వయసు 3 ఏళ్ళు, టీకాలు పూర్తి, కిట్‌లో నెగెటివ్. పార్వోలో ఎముక మజ్జే దెబ్బతింటుంది కాబట్టి తెల్లకణాలు మొత్తంగా పడిపోతాయి. ఇక్కడ మజ్జ కణాలను తయారు చేస్తోంది, ముదరకముందే బయటికి తోస్తోంది. పేగు వాటిని అంతకన్నా వేగంగా తినేస్తోంది. బ్యాండ్‌లు 18 శాతం ఉండడం అదే చెబుతోంది. మొత్తం కౌంట్ ఒక్కటే చూసి, డిఫరెన్షియల్‌ను (తెల్లకణాల్లో ఏ రకం ఎంతన్న లెక్క) మెషిన్‌కు వదిలేస్తే ఇది తెలియదు. బ్యాండ్‌లను స్లైడ్ మీద కంటితో లెక్కపెట్టాల్సిందే.

జ్వరం, నెత్తురు అనగానే మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే ఎర్లిచియాను పక్కన పెట్టకుండా ముందుకు పోకూడదు. పిడుదులు లేని వీధి లేదు. ర్యాపిడ్ కిట్‌లో నెగెటివ్, ప్లేట్‌లెట్లు కూడా మరీ పడిపోలేదు. లెప్టోస్పైరోసిస్ వానల్లో, చెరువు నీళ్ళ దగ్గర తిరిగే కుక్కల్లో ఆలోచించాలి. ఇక్కడ కామెర్లు లేవు, క్రియాటినిన్ కూడా ఫ్లూయిడ్ ఇచ్చాక 1.0కి వచ్చింది. కిడ్నీ జబ్బయితే అలా దిగదు. పత్తి, మిర్చి చేలు దగ్గరగా ఉన్న ఊళ్ళ నుంచి వచ్చే కుక్కలకు పురుగుమందు సంగతి కూడా అడగాలి. చొంగ ధారగా కారడం, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం, కండరాలు అదరడం ఉంటే అది వేరే దారి. ఇక్కడ అవేవీ లేవు.

రెండో కుక్క: స్పిట్జ్, ఆడది, 6 ఏళ్ళు, 6.2 కిలోలు

కాజీపేట రైల్వే క్వార్టర్స్ వైపు నుంచి అదే వారంలో వచ్చింది. మన దగ్గర అందరూ పామరేనియన్ అనే రకమే. రాత్రి బాగానే తిని పడుకుంది. తెల్లవారుజామున రెండు వాంతులు, రెండోదాంట్లో నెత్తుటి చారలు. ఆ తర్వాత గదంతా నెత్తురు. తువ్వాలులో చుట్టుకొచ్చారు, తువ్వాలు తడిసి ఎర్రగా ఉంది. "ఇగ బతకదేమో సార్" అన్నారు.

ఉష్ణోగ్రత 101.4. గుండె 164, శ్వాస 34. చిగుళ్ళు పాలిపోయి, రంగు తిరిగి రావడానికి 2 సెకన్లకు పైగా పట్టింది. మలం ముద్దగా, జామ్‌లా ఎర్రగా, దాదాపు నెత్తురే. పీసీవీ 64 శాతం, మొత్తం ప్రొటీన్ 6.0. తెల్లకణాలు 13,200, బ్యాండ్‌లు లేవు. గ్లూకోజ్ 96. పార్వో కిట్ నెగెటివ్.

పీసీవీ 64, ప్రొటీన్ 6.0 అనే జోడీ దగ్గర ఆగాలి. నీరు మాత్రమే తగ్గితే పీసీవీ, ప్రొటీన్ రెండూ కలిసి పెరుగుతాయి. ఇక్కడ పీసీవీ పెరిగింది, ప్రొటీన్ పెరగలేదు. అంటే నీటితోపాటు ప్రొటీన్ కూడా పేగులోకి కారిపోతోంది. ఉన్నట్టుండి మొదలవడం, చిన్న జాతి, జ్వరం లేకపోవడం, జామ్ లాంటి మలం కూడా కలిస్తే ఇది అక్యూట్ హెమరేజిక్ డయేరియా సిండ్రోమ్, పాత పేరు హెచ్‌జీఈ. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్‌లో కొన్ని రకాలు విడిచే నెట్-ఎఫ్ అనే విషం పేగు పొరకు రంధ్రాలు చేయడంతో ఇది వస్తుందని ఇప్పటి అవగాహన. బ్యాక్టీరియా పాత్ర ఉన్నా చాలా కుక్కల్లో అది నెత్తుట్లోకి వెళ్ళదు. అందుకే వైద్యం అంతా ఫ్లూయిడ్ మీదే నడుస్తుంది.

నిర్ణయం ఎక్కడ మారింది

సెప్సిస్ అనుమానానికి వాడే కొలతలు నాలుగు: ఉష్ణోగ్రత 100.6 కన్నా తక్కువ లేదా 102.6 కన్నా ఎక్కువ, గుండె 120 దాటడం, శ్వాస 20 దాటడం, తెల్లకణాలు 6,000 కన్నా తక్కువ లేదా 16,000 కన్నా ఎక్కువ లేదా బ్యాండ్‌లు 3 శాతం దాటడం. వీటిలో రెండు ఉంటే అనుమానించమంటారు. ఆ లెక్కన స్పిట్జ్ కూడా ఈ అనుమానంలోకి వచ్చేస్తుంది: గుండె 164, శ్వాస 34. కొత్త చోట, సూది భయంతో ఏ కుక్కకైనా ఆ రెండూ పెరుగుతాయి, నీరు తగ్గితే ఇంకా పెరుగుతాయి. అందుకని ఈ కొలతలను రెండుసార్లు చూడాలి: వచ్చినప్పుడొకసారి, మొదటి బోలస్‌లు (వేగంగా ఎక్కించే ఫ్లూయిడ్) అయ్యాక ఇంకోసారి.

స్పిట్జ్‌కు రింగర్స్ ల్యాక్టేట్ కిలోకు 20 మి.లీ. చొప్పున 125 మి.లీ. పావుగంటలో వెళ్ళింది, మళ్ళీ అంతే ఇంకోసారి. గుండె 164 నుంచి 108కి దిగింది, చిగుళ్ళు గులాబీ రంగుకు వచ్చాయి, తల ఎత్తి చూసింది. 4 గంటల తర్వాత పీసీవీ 48. జ్వరం ముందూ లేదు, తర్వాతా లేదు. దీనికి యాంటీబయోటిక్ ఇవ్వలేదు.

ల్యాబ్రడార్‌కు ఫ్లూయిడ్ వెళ్ళాక గుండె దిగింది కానీ జ్వరం 104 దగ్గరే ఉంది, డెక్స్‌ట్రోజ్‌తో పెరిగిన గ్లూకోజ్ మళ్ళీ 64కి పడింది, బ్యాండ్‌లు ఎటూ పోవు. చెంచాడు నెత్తురే పడిన ఈ కుక్కకు యాంటీబయోటిక్ తప్పదు.

నెత్తురు ఎంత పడిందన్నది పేగు లోపలి పొర ఎంత ఊడిందో చెబుతుంది. బ్యాక్టీరియా ఒంట్లోకి దిగిందా లేదా అన్నది చెప్పదు. అది చెప్పేవి జ్వరం, బ్యాండ్‌లు, గ్లూకోజ్, చిగుళ్ళ రంగు, ఫ్లూయిడ్ ఇచ్చాక కూడా వీడని నీరసం. కుక్కల అక్యూట్ విరేచనాలపై 2024లో యూరప్‌లో వచ్చిన మార్గదర్శకాలు కూడా తేలికపాటి, మధ్యస్థ కేసుల్లో నెత్తురున్నా యాంటీబయోటిక్ వద్దనే అంటున్నాయి. మన దగ్గర మోషన్ అనగానే మెట్రోనిడజోల్ బాటిల్ ఎక్కించే అలవాటు ఇంకా పోలేదు. అది పేగులోని మంచి బ్యాక్టీరియాను వారాల తరబడి చెదరగొడుతుంది. సాల్మొనెల్లా ఉండి ఒళ్ళు బాగున్న కుక్కకు అనవసరంగా యాంటీబయోటిక్ ఇస్తే అది మలంలో సాల్మొనెల్లాను ఇంకా ఎక్కువ కాలం వదిలే ప్రమాదమూ ఉంది.

ల్యాబ్రడార్ వైద్యం, లెక్కలతో

ముందు కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) మలం తీశాకే మొదటి యాంటీబయోటిక్ డోసు. మాత్రలు రెండుసార్లు పడి ఉన్నాయి కాబట్టి బ్యాక్టీరియా తగ్గి ఉంటుంది. నేరుగా ప్లేట్ మీద పూస్తే రాకపోవచ్చు. శాంపిల్‌తో పాటు "సాల్మొనెల్లా అనుమానం, ముందు ఎన్‌రిచ్‌మెంట్ చేయండి" అని రాసి పంపాలి. మామూలు మల కల్చర్ అని రాస్తే ఈ.కొలై అని రిపోర్టు వస్తుంది, అది ప్రతి కుక్క పేగులోనూ ఉండేదే. ఎన్‌రిచ్‌మెంట్ ద్రవంలో పెంచి ఎక్స్‌ఎల్‌డీ మీడియం మీద వేస్తే సాల్మొనెల్లా ఎర్రటి కాలనీలు, నడుమ నల్లచుక్కతో కనబడుతుంది. మనుషులకు టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష కుక్కకు చేయించి తెచ్చేవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు, దానితో ఉపయోగం లేదు. ల్యాబ్ గురించి అడిగేవాళ్ళకు: వరంగల్ వైపు వారికి మామునూరు వెటర్నరీ కాలేజీ, జగిత్యాల వైపు వారికి కోరుట్ల కాలేజీ దగ్గర. శాంపిల్ పంపేముందు ఫోన్ చేసి ఆ పరీక్ష జరుగుతోందో లేదో కనుక్కోవడం మంచిది.

ఫ్లూయిడ్ లెక్క ఇది. 26 కిలోలు, 8 శాతం తగ్గుదల అంటే 2,080 మి.లీ. లోటు. మొదటి 500 మి.లీ. రింగర్స్ ల్యాక్టేట్ 20 నిమిషాల్లో, తర్వాత ఇంకో 250. గుండె 152 నుంచి 118కి వచ్చింది. మిగిలిన లోటు 1,330 మి.లీ. 12 గంటల్లో పూడ్చాలంటే గంటకు 110. రోజువారీ అవసరం కిలోకు 50 చొప్పున 1,300, గంటకు 54. వాంతి, మోషన్లలో పోయేది గంటకు 15 అనుకుంటే మొత్తం దాదాపు 180 మి.లీ. పంపు లేకపోతే, 20 చుక్కలకు ఒక మి.లీ. పడే మామూలు డ్రిప్ సెట్‌తో నిమిషానికి 60 చుక్కలు, అంటే సెకనుకో చుక్క. కాలు మడిస్తే డ్రిప్ ఆగుతుంది, చాస్తే ఉరుకుతుంది. అందుకే అరగంటకోసారి బాటిల్ మీద పెన్నుతో గీత పెట్టి టైమ్ రాయడం చుక్కలు లెక్కపెట్టడం కన్నా నమ్మకమైన పద్ధతి.

గ్లూకోజ్ 58 ఉంది కాబట్టి 25 శాతం డెక్స్‌ట్రోజ్ 50 మి.లీ.ను అంతే సెలైన్‌తో కలిపి నెమ్మదిగా 15 నిమిషాల్లో ఇచ్చాం. ఆ తర్వాత ప్రతి 500 మి.లీ. బాటిల్‌లో 50 మి.లీ. కలిపాం. పలుచన చేయకుండా చిన్న సిరలోకి తోస్తే సిర మంట పుట్టి కాన్యులా పాడవుతుంది.

పొటాషియం బోలస్‌లు అయిపోయాకే కలపాలి. 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటాయి. ప్రతి 500 బాటిల్‌లో 7 మి.లీ. వేస్తే 14 అవుతుంది. గంటకు 180 మి.లీ. వెళ్తున్నప్పుడు గంటకు కిలోకు దాదాపు 0.2 పడుతుంది. 0.5 దాటకూడదు. వేశాక బాటిల్‌ను పది సార్లు తలకిందులు చేసి కలపాలి. వేలాడే బాటిల్‌లోకి సూదితో ఎక్కించి వదిలేస్తే పొటాషియం అడుగున నిలుస్తుంది. మొదటి కొన్ని మి.లీ.లలోనే అంతా వెళ్ళి గుండె ఆగవచ్చు.

యాంటీబయోటిక్‌లు: ఆంపిసిలిన్ కిలోకు 22 మి.గ్రా. చొప్పున 570 మి.గ్రా. 8 గంటలకోసారి సిరలోకి. ఎన్రోఫ్లోక్సాసిన్ కిలోకు 10 చొప్పున 260 మి.గ్రా. రోజుకోసారి: 5 శాతం ఇంజెక్షన్ 5.2 మి.లీ.ను రెండింతల సెలైన్‌తో కలిపి అరగంటలో. పశువులకు వాడే 10 శాతం ఇంజెక్షన్‌ను కుక్క సిరలోకి ఎక్కించకూడదు. పెరిగే కుక్కపిల్లలకు, ముఖ్యంగా పెద్ద జాతులకు, కీళ్ళ మృదులాస్థి దెబ్బతింటుంది కాబట్టి ఎన్రోఫ్లోక్సాసిన్ వద్దు. బదులుగా సెఫ్ట్రియాక్సోన్ వాడేవాళ్ళు దాన్ని రింగర్స్ ల్యాక్టేట్ వెళ్ళే లైన్‌లో కలపకూడదు. కాల్షియంతో గడ్డకడుతుంది. లైన్‌ను సెలైన్‌తో కడిగి ఇవ్వాలి.

వాంతికి మారోపిటాంట్ కిలోకు 1 మి.గ్రా., రోజుకోసారి చర్మం కింద 2.6 మి.లీ. అడ్డు లేదని ఎక్స్-రేలో చూశాకే. కడుపులో బొక్క ఉన్న కుక్కకు వాంతి ఆపితే జబ్బు దాక్కుంటుంది. ప్యాంటప్రజోల్, రానిటిడిన్ అలవాటుగా రాసే మందులు. వాంతిలో నెత్తురు, నల్లటి మలం లేనప్పుడు వాటి అవసరం లేదు. కడుపులోని ఆమ్లం నోటి నుంచి వచ్చే బ్యాక్టీరియాను చంపే మొదటి కాపలా. దాన్ని మనమే తీసేయడమెందుకు?

తిండి విషయంలో "రెండు రోజులు పస్తు పెట్టండి" అనే పాత సలహా వదిలేయాలి. పేగు పొర తన ఆహారాన్ని ఎక్కువగా పేగులో ఉన్న తిండి నుంచే తీసుకుంటుంది. వాంతి ఆగిన 12 గంటలకు ల్యాబ్రడార్‌కు తిండి మొదలైంది. 26 కిలోల కుక్కకు విశ్రాంతిలో రోజుకు దాదాపు 800 కేలరీలు కావాలి. మొదటి రోజు అందులో పావు వంతు, 200 కేలరీలు: 100 గ్రాముల మెత్తటి అన్నం, తోలు లేని ఉడికించిన చికెన్ 45 గ్రాములు, నాలుగు విడతల్లో. రెండో రోజు సగం, నాలుగో రోజుకు మొత్తం. ఉప్పు, కారం, పసుపు, నూనె ఏదీ లేకుండా.

రెండో రోజు సాయంత్రానికి జ్వరం 102.8. మూడో రోజు తెల్లకణాలు 19,800, బ్యాండ్‌లు 6 శాతం. కౌంట్ ఒక్కసారిగా పెరగడం చూసి కంగారు పడనక్కర్లేదు, మజ్జ అవసరాన్ని అందుకుంది, ముదిరిన కణాలు ఎక్కువయ్యాయి. నాలుగో రోజు కల్చర్ రిపోర్టు: సాల్మొనెల్లా. ఎన్రోఫ్లోక్సాసిన్‌కు, సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగుతుంది; ఆంపిసిలిన్‌కు, టెట్రాసైక్లిన్‌కు లొంగదు. ఆంపిసిలిన్ ఆపేశాం. ఎన్రోఫ్లోక్సాసిన్ 150 మి.గ్రా. మాత్ర ఒకటిన్నర చొప్పున రోజుకోసారి, మొత్తం కోర్సు 7 రోజులయ్యే వరకు. ఐదో రోజు ఇంటికి.

స్పిట్జ్ రెండో రోజే ఇంటికి వెళ్ళింది. నాలుగో రోజుకు మలం గట్టిపడింది.

ఇంట్లో గుర్తించడానికి

ముక్కు తడిగా ఉందా, చెవులు వేడిగా ఉన్నాయా అన్నవి జ్వరానికి గుర్తులు కావు. వంద, రెండు వందల రూపాయల డిజిటల్ థర్మామీటర్ కుక్కకంటూ ఒకటి పెట్టుకోవాలి. కొనకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి ఓ అంగుళం లోపే పెట్టి, బీప్ వచ్చేదాకా ఉంచాలి. 103.5 దాటినా, 100 కన్నా తక్కువున్నా ఆ పూటే చూపించాలి. జ్వరం లేకపోయినా నీళ్ళు కూడా కడుపులో నిలవకపోతే, చిగుళ్ళు తెల్లబడినా, కందిపోయినా, మలం నల్లగా తారులా ఉన్నా, లేచి నిలబడలేకపోయినా ఆగకూడదు. ఆరు నెలల లోపు కుక్కపిల్లకు ఒక్క నెత్తుటి మోషన్ అయినా సరే, ముందు పార్వో కాదని తేల్చుకోవాలి. కుక్క హుషారుగా ఉండి, నీళ్ళు తాగుతూ, ఒకటి రెండు పలుచటి మోషన్లు మాత్రమే అయితే ఒక రోజు మెత్తటి తిండి పెట్టి చూడవచ్చు. మోషన్‌ను ఫోన్‌లో ఫొటో తీసి తెస్తే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది. పక్కన చెంచా గానీ నాణెం గానీ పెట్టి తీయండి, పరిమాణం తెలియాలి.

"కడుపులో బ్యాక్టీరియా" అని హెలికోబాక్టర్ గురించి అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. అది ఆరోగ్యంగా ఉన్న కుక్కల కడుపుల్లోనూ చాలావాటిలో ఉంటుంది. ఉందన్న ఒక్క కారణంతో మందులు అక్కర్లేదు. కుక్కపిల్లల్లో, కొత్తగా తెచ్చిన కుక్కల్లో బంక విరేచనాలకు క్యాంపిలోబాక్టర్ ఇంకో కారణం. తాజా స్మియర్‌లో ఎగిరే కొంగ రెక్కల్లా వంపు తిరిగిన సన్నటి కణాలు కనబడతాయి. దానికి మందు అవసరమైతే మాక్రోలైడ్ రకం వాడతారు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పినవి

ల్యాబ్రడార్ ఉన్న ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది. సాల్మొనెల్లా మనుషులకూ వస్తుంది. కోలుకున్న కుక్క కూడా వారాల పాటు, మధ్యమధ్య విరామాలతో, దాన్ని మలంలో వదులుతుంది. కుక్కను పాపకు దూరంగా ఉంచడం, గిన్నెను వంటింటి సింక్‌లో కాకుండా బయట కుళాయి దగ్గర కడగడం, మలాన్ని గ్లవ్‌తో తీసి కవర్‌లో కట్టి పారేయడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం. నేలను ముందు సబ్బునీళ్ళతో కడిగి, ఆ తర్వాతే బ్లీచ్. మురికి మీద పోస్తే బ్లీచ్ పని చేయదు. షాపులో దొరికే 4–5 శాతం బ్లీచ్ ద్రావణం 30 మి.లీ. ఒక లీటరు నీళ్ళకు, 10 నిమిషాలు ఉంచి కడగాలి. బాత్రూమ్ యాసిడ్‌ను దానితో ఎప్పుడూ కలపకూడదు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

కోడి కాళ్ళు, తలకాయలు మానక్కర్లేదు, బాగా ఉడికితే సాల్మొనెల్లా చస్తుంది. తేడా వచ్చేది చుట్టుపక్కల: పచ్చి కవర్ నుంచి కారిన నీళ్ళు ఉడికిన అన్నం గిన్నెలో పడడం, అదే కత్తి, పొద్దున ఉడికించింది రాత్రి దాకా బయటే ఉండడం. ఉడికినవి రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి పోవాలి. యాట కోసిన చోట పచ్చి కార్జం, ఊపిరితిత్తులు కుక్కకు వేసే అలవాటు ఇంకా ప్రమాదం. అందులో నీటి తిత్తులుంటే కుక్క ద్వారా హైడాటిడ్ జబ్బు (బద్దెపురుగు వల్ల ఒంట్లో నీటి తిత్తులు రావడం) ఇంట్లో మనుషులకు చేరుతుంది. అలా తిన్న కుక్కకు ప్రాజిక్వాంటెల్ కిలోకు 5 మి.గ్రా. వేయించాలి.

ల్యాబ్రడార్ మలం కల్చర్ యాంటీబయోటిక్ ఆపిన రెండో వారంలో ఇంకా పాజిటివ్. కుక్క బాగా తింటోంది, ఆడుతోంది, జ్వరం లేదు. మళ్ళీ మందులు వేయలేదు, జాగ్రత్తలు మాత్రం కొనసాగించమన్నాం. ఆరో వారంలో, ఎనిమిదో వారంలో తీసిన శాంపిల్స్ రెండూ నెగెటివ్. ఆ తర్వాతే పాప దగ్గరికి పంపమన్నాం.